తలుపు తీసే సీను

గువ్వకు,

నాయనమ్మ కొండంత దిగులుతో, అంతకన్నా పెద్ద దీవెనతో రాస్తున్నది. నువ్వు షూటింగుకి బయలుదేరిన దగ్గర్నుంచి నాకు అన్నం సహించడం లేదు. మీ అమ్మ మాత్రం "రెండోసారి కూడా వడ్డించుకున్నారుగా" అంటుంది. దిగులుతో తిన్నది ఒంటికి పట్టదని దానికి తెలీదు.

మనవరాలు మొదటి సినిమా తీస్తోందని వీధిలో అందరూ నన్ను ఆపి మరీ మెచ్చుకుంటున్నారు. నాకేమో దడ. మీ తాతయ్య సినిమాలు తీసినన్నాళ్ళూ దడే. మీ నాన్న రెండు తీశాడు, రెండూ ఆడలేదు, గది తలుపేసుకుని కూర్చున్నాడు. కిటికీలోంచి కంచం అందించేదాన్ని. ఇప్పుడు ఇంకొకళ్ళు తీసినవి ఎడిటింగ్ చేసుకుంటున్నాడు. రేపు నువ్వూ అలా తలుపేసుకుంటే నేనేం చెయ్యాలి? నీ గదికి కిటికీ కూడా సరిగ్గా లేదు.

ఒక్క మాట మనసులో పెట్టుకో. మీ తాతయ్యని అందరూ సింగిల్ టేక్ డైరెక్టరు అనేవారు. ఎంత పెద్ద సీనైనా ఒక్కసారే. ఎప్పుడైనా పొరపాటున రెండోసారి తీయాల్సి వస్తే, ఆ రోజు ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు. ఆ పరువు ఇప్పుడు నీ చేతిలో ఉంది తల్లీ.

ఇక్కడ కూర్చుని అక్కడి మబ్బులు చూస్తున్న,
నాయనమ్మ

తా.క.: కెమెరా ట్రాలీ పట్టాల మీద నడవకు. మీ తాతయ్య అలాగే పడి మూతి పగలగొట్టుకున్నారు. బయట మాత్రం హీరోతో కొట్లాట అయిందని చెప్పుకున్నారు, అదైతే గౌరవంగా ఉంటుందని.

* * *

నాయనమ్మకు,

గువ్వ కాళ్ళూ చేతులూ అన్నీ సక్రమంగా ఉన్న స్థితిలో రాస్తోంది. ఇక్కడ ఫోను అందదు. మన బండి డ్రైవరు రోజు విడిచి రోజు అక్కడికి వస్తాడు కాబట్టి ఉత్తరాలు అతనితోనే.

పని మొదలైంది. ముసలి తండ్రి వేషం పెద్దాయనే వేస్తున్నారు, తాతయ్య సినిమాతోనే ఆయన నటుడిగా పరిచయమయ్యారు కదా. నిన్న తీసింది సినిమాకి ప్రాణంలాంటి సీను. ఏళ్ళ క్రితం గొడవపడి వెళ్ళిపోయిన కొడుకు వచ్చి తలుపు తడతాడు. తండ్రి లోపల్నుంచి వచ్చి తలుపు తీస్తాడు. ఒక్క మాట కూడా ఉండదు, తలుపు తీయడమే.

నీ దగ్గర దాచడమెందుకు, ఎన్ని టేకులయ్యాయో లెక్కపెట్టడం మానేశాను. మధ్యాహ్నం భోజనాల ముందు మొదలుపెట్టి, వెలుతురు పోయేదాకా ఆయన తలుపు తీస్తూనే ఉన్నారు. ఏదో కావాలి నాకు, అది రావడం లేదు. దిగులు పడకు, ఇప్పుడు రీలు ఖర్చు లేదు, అంతా చిన్న కార్డులోకి ఎక్కుతుంది. నచ్చకపోతే చెరిపేయొచ్చు.

నీ ముద్దుల,
గువ్వ

తా.క.: ట్రాలీ పట్టాల మీద నడవలేదు. కెమెరామన్ నడిచాడు. మూతి బాగానే ఉంది, మోచెయ్యి కొట్టుకుంది.

* * *

గువ్వకు,

నాయనమ్మ నిద్రలేని కళ్ళతో రాస్తున్నది. తలుపు తీయడానికి పొద్దుగూకేదాకా పట్టిందా! ఉత్తరం నాలుగుసార్లు చదివాను, నాలుగుసార్లూ అలాగే ఉంది.

ముందు తలుపు సంగతి చూడండి. వానకి చెక్క ఉబ్బి ఉంటుంది. అంచుల్లో సబ్బు రుద్దితే జారుతుంది. తలుపు మంచిదే అయితే మరి మనిషి సంగతే. పాపం, ఆయన మోకాళ్ళు! నేను రాసుకునే నొప్పుల నూనె సీసా డ్రైవరుతో పంపుతున్నాను. ఆయనకి ఓదార్పుగా విడిగా నాలుగు ముక్కలు రాసి అదే సంచిలో పెట్టాను.

ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. అన్నిసార్లూ అందరి ముందే చేశావా? ఇంటి దగ్గర పూర్తి చేసుకుని వెళ్ళాల్సింది కదే! మేకప్ అమ్మాయి చూసింది, కెమెరామన్ చూశాడు, టీలు ఇచ్చేవాళ్ళు చూశారు. మీ తాతయ్యకి ఇది తెలిస్తే ఫోటోలోంచి గోడవైపు తిరుగుతారు.

పరువు కోసం పక్కింటివాళ్ళకి ఏమీ చెప్పని,
నాయనమ్మ

తా.క.: పక్కింటివాళ్ళకి ఒక్క ముక్కే చెప్పాను. తలుపని చెప్పలేదు, కోటగుమ్మం అని చెప్పాను.

* * *

నాయనమ్మకు,

గువ్వ తల పట్టుకుని రాస్తోంది. పెద్దాయనకి నువ్వు రాసిన ఓదార్పు ఆయన భోజనాల దగ్గర అందరికీ వినిపించేలా చదివారు. "మీరు కుర్రాడిగా మా ఇంటికి వచ్చినప్పుడు మెట్లు రెండేసి దూకేవారు. ఇప్పుడు తలుపు కూడా తెరవలేకపోతున్నారని తెలిసి బాధపడ్డాను. వయసు రాజునీ వదలదు, మిమ్మల్ని మాత్రం వదులుతుందా. నూనె వేడి చేసి రుద్దించుకోండి." అంతే. సీసా అక్కడే పెట్టి లేచి వెళ్ళిపోయారు. నేనే ఆయన్ని ముసలాడని నీకు రాశానని ఆయన అనుమానం. గదిలోంచి రానంటున్నారు.

తలుపు బాగానే ఉంది నాయనమ్మా. మోకాళ్ళూ బాగానే ఉన్నాయి. బాగాలేనిది నా సంగతే. ఆయన "నీకేం కావాలో చెప్పమ్మా, చేసేస్తాను" అంటారు. నేను "ఇలా కాదండీ" అంటాను. "మరెలా?" అంటే "ఇంకొక్కసారి చేద్దామండీ" అంటాను.

మేం అద్దెకి తీసుకున్న ఇల్లు వారం చివర్లో ఖాళీ చెయ్యాలి. ఈ సీను లేకపోతే సినిమా లేదు. నీకు పుణ్యముంటుంది, ఆయన మనసు కుదుటపడేలా ఒక మంచి ఉత్తరం రాయి. వయసు, మోకాళ్ళు, నూనె, మెట్లు, ఈ మాటలు రాకూడదు.

నీ,
గువ్వ

తా.క.: నూనె కెమెరామన్ మోచేతికి పనికొచ్చింది. ఇంకో సీసా ఉందా అని అడుగుతున్నాడు.

* * *

గువ్వకు,

నాయనమ్మ చెంపలు వాయించుకుంటూ రాస్తున్నది. మంచికి పోతే చెడు ఎదురైందంటే ఇదే. నువ్వు వద్దన్న మాటలన్నీ ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకుని, అవి రాకుండా పెద్దాయనకి మళ్ళీ రాశాను. తప్పు ఆయనది కానే కాదన్నాను. "తప్పంతా మా పిల్లదే. చిన్నది, దానికేం కావాలో దానికే తెలీదు. మీరు మా ఆయన చేతిలో తయారైన నటులు. ఒక్కసారి చేస్తే చాలు. రెండోసారి అడిగితే నా పేరు చెప్పండి" అన్నాను. చదివితే ఎంతటి రాయైనా కరగాలి.

డ్రైవరు చేతిలో పెట్టి, అతను వీధి మలుపు తిరిగాక గాని నాకు ఊపిరి ఆడలేదు. ఇంక నిశ్చింతగా ఉండు.

నిశ్చింత అంటే ఎలా ఉంటుందో తెలీని,
నాయనమ్మ

తా.క.: డ్రైవరు మలుపు తిరిగాక, నిన్ను కొంచెం ఎక్కువగా తిట్టానేమో అనిపించింది. పిలిచాను. వినపడలేదు.

* * *

నాయనమ్మకు,

గువ్వ చల్లారిపోయి రాస్తోంది. కోపంగా లేను, కోపం నిన్నే అయిపోయింది.

నీ ఉత్తరం అందగానే పెద్దాయన గదిలోంచి పెళ్ళికొడుకులా బయటికొచ్చారు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ప్రతి సీనూ ఒక్కసారి చెయ్యడం, నేను "ఇంకొక్కసారి" అంటే జేబు తట్టడం. చివరికి క్లాప్ కొట్టే అమ్మాయి కూడా "మేడమ్, నాయనమ్మగారు ఒప్పుకుంటారా?" అని అడిగింది. నిన్న మళ్ళీ తలుపు సీను పెట్టాను. ఆయన సింహద్వారం తెరుస్తున్నట్టు బార్లా తెరిచి, "ఓకే కదా" అని కుర్చీలో కూర్చున్నారు. కాదన్నాను. జేబు తట్టారు. నాకు ఒళ్ళు మండి, "ఈ సినిమాకి డైరెక్టరు నేనా, మా నాయనమ్మా?" అని అందరి ముందూ అరిచాను.

ఇవాళ పొద్దున మేం లేచేసరికి పెద్దాయన లేరు. సంచి లేదు. మన బండీ లేదు. ఈ ఉత్తరం కూరగాయల వ్యాను అతనితో పంపుతున్నాను. ఆయన రాకపోతే సినిమా ఇంతటితో సరి. నాన్న పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంచమను. నాకు కావల్సిందేమిటో నాకే తెలియనప్పుడు, డైరెక్టరునని చెప్పుకోవడం దేనికి?

నీ,
గువ్వ

తా.క.: నిన్ను ఏమీ అనడం లేదు. నువ్వు ఏడవకు. నువ్వు ఏడిస్తే ఆ దిగులు కూడా నేనే పడాలి.

* * *

గువ్వకు,

కంగారు పడకు. ఆ పని చెయ్యడానికి ఈ ఇంట్లో నేనున్నాను. పెద్దాయన ఎక్కడికీ పోలేదు. మన వంటింట్లో పీట మీద కూర్చుని ఉన్నారు.

నిన్న మధ్యాహ్నం సంచితో దిగారు. "అమ్మగారూ, ఈ లోకంలో నా బాధ తెలిసింది మీ ఒక్కరికే. గురువుగారి దగ్గర ఎప్పుడైనా రెండో టేకు చేశానా? మీ మనవరాలు ఒక్క తలుపుతో నన్ను చంపేస్తోంది" అన్నారు.

"నిజమే. టేకులన్నీ ఇంట్లో పూర్తి చేసుకోకుండా షూటింగులో చేస్తే ఎవరికి విసుగు రాదు? ఆయన అలా ఎప్పుడూ చెయ్యలేదు" అన్నాను కాఫీ ఇస్తూ.

గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగింది. "ఇంట్లోనా?"

"ఈ వంటింట్లోనేగా. మీ మొదటి సినిమాలో మీరు తల్లి కాళ్ళ దగ్గర ఏడుస్తారు చూడండి, అది ముందు నేను ఏడ్చాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయేదాకా ఏడ్చాను. ఇలా కాదు అనేవారు. మరెలా అంటే, తెలీదు, మళ్ళీ ఏడు అనేవారు."

"మీకు నటన వచ్చా అమ్మగారూ?"

"ఎక్కడొస్తుందండీ! నేను తప్పు చేస్తూ ఉంటేనే ఆయనకి ఒప్పేదో తట్టేది. తట్టాక వచ్చి మీకు చెప్పేవారు. హీరోయిన్లు నేనే, దొంగలు నేనే. యుద్ధం సినిమాలో గుర్రం కూడా నేనే. గుర్రం మాత్రం రెండోసారికే ఓకే అయింది."

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. నాకూ అప్పుడే తెలిసిందే గువ్వా, ఇది అందరి ఇళ్ళల్లోనూ ఉండేది కాదని! టైలరు ఇంట్లో మిషను ఉన్నట్టే డైరెక్టరు ఇంట్లో టేకులుంటాయని ఇన్నేళ్ళూ అనుకున్నాను. మీ అమ్మ ఎన్నడూ మీ నాన్న కోసం దొంగవేషం కట్టకుండా ఆఫీసుకి వెళ్ళిపోయేది, అందుకే వాడి సినిమాలు ఆడలేదని లోలోపల దాన్ని తిట్టుకునేదాన్ని. నిన్న సాయంత్రం దాని కాఫీ నేనే కలిపి ఇచ్చాను. అది భయపడి, డాక్టరుకి ఫోను చెయ్యమంటారా అని అడిగింది.

కాసేపటికి పెద్దాయన లేచి, "ఏ తలుపమ్మగారూ?" అన్నారు. పెరటి తలుపు చూపించాను. నేను బయట కొడుకుని, ఆయన లోపల తండ్రి. తట్టాను. కోట తెరిచినట్టు తెరిచారు. "ఇలా కాదు" అన్నాను. "మరెలా?" అన్నారు. "తెలీదు, మళ్ళీ తీయండి" అన్నాను. ఆ మాట అనాలని నాకు పెళ్ళైనప్పటి నుంచీ ఉంది.

అలా ఎన్నిసార్లో. చివరికి నాకు నడుం లాగి, తట్టడం ఆపి మెట్టు మీద కూర్చుండిపోయాను. లోపల చప్పుడు లేదు. గడియ కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. తలుపు వేలెడంత తెరుచుకుంది, సందులోంచి ఆయన కన్ను ఒక్కటే కనిపించింది. "అమ్మగారూ, ఉన్నారా?" అన్నారు. నేను పడిపోయాననో, వెళ్ళిపోయాననో భయం ఆయనకి. ఆ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. ఈసారి ఎవరూ ఏడవమనలేదు.

తట్టినవాడు ఇంకా ఉన్నాడో, విసిగి వెళ్ళిపోయాడోనని ఆ తండ్రికి భయం ఉండదూ? నీకు కావల్సింది అదేనా? నాకు తెలీదు తల్లీ. సినిమా నీది. అది కాకపోతే "ఇలా కాదు" అను. ఇప్పుడాయన ఎన్నిసార్లు అడిగినా తీస్తారు, ఇందాక వాకిలి తలుపు కూడా తీసి చూసుకున్నారు. రేపు పొద్దున ఈ ఉత్తరం ఆయనే తెచ్చి నీ చేతికిస్తారు. జేబులో ఉన్న నా పాత కాగితం తీసుకుని చింపెయ్యి.

నీకేం కావాలో తెలీదని బాధపడ్డావు. మీ తాతయ్యకీ తెలిసేది కాదు. ఆయన తెలియనిది ఇంట్లో తీసేవారు, తెలిసింది బయట తీసేవారు. నువ్వు రెండూ బయటే తీస్తున్నావు, అంత ధైర్యం ఆయనకి లేదు.

నీ దిగులు కూడా తన దగ్గరే ఉంచేసుకున్న,
నాయనమ్మ

తా.క.: పెరటి తలుపు గడియ ఊడి చేతికొచ్చింది. మీ నాన్న పని నుంచి వచ్చి చూసి "ఇదేంటమ్మా?" అన్నాడు. "టేకులు" అన్నాను. వాడు కాసేపు పెద్దాయన వంక, నా వంక చూశాడు. తర్వాత చెప్పులు కూడా విప్పకుండా పెరట్లోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, బయట నుంచి తట్టాడు.