సగిలేరు దిద్దిన పేజీలు

త్రిపురాంతకం,
14 ఆగస్టు 2025, గురువారం.

రేచల్‌కు,

మహేశ్వరి స్నేహంతో రాస్తున్నది. ఇక్కడ మేమంతా బాగున్నాం. నువ్వూ బాగున్నావని మీ అమ్మ, కరుణమ్మ పిన్ని చెప్పింది కాబట్టి ఆ మాట మళ్ళీ అడగను.

పోయిన ఆదివారం బేస్తవారిపేట బస్టాండులో మీ అమ్మ కనిపించింది. చర్చి నుంచి వస్తున్నట్టుంది. నన్ను చూసి ముఖం తిప్పుకుంటుందేమో అనుకున్నాను. తిప్పుకోలేదు. పైగా దగ్గరికొచ్చి, "ఏంది మహేశ్వరీ, ఇట్ల చిక్కిపోయినావు, వండుకోడం మానేసినావా?" అని అడిగింది. నువ్వు గిద్దలూరులో ఆసుపత్రి రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర పనిచేస్తున్నావనీ, హాస్టల్లో ఉంటున్నావనీ, నంబరు మార్చావనీ చెప్పింది. కొత్త నంబరు అడిగితే మాత్రం, "దాన్నడక్కుండా ఇస్తే నా మీద అరస్తాది" అంది. అడ్రసు ఇవ్వొద్దని నువ్వు చెప్పలేదట. అందుకని అడ్రసు ఇచ్చింది. నీకు ఉత్తరం రావడం వెనకున్న కథ ఇదీ.

కంగారుపడకు. పాత పంచాయితీ మళ్ళీ పెట్టడానికి రాయడం లేదు. నిన్ను ఒక్క ప్రశ్న అడగాలి. అయితే అది నేరుగా అడిగితే నీకు అర్థం కాదు, లేదా అర్థం కానట్టు నటిస్తావు. అందుకని జరిగిందంతా వరసగా చెప్తాను.

నువ్వు వెళ్ళిపోయాక మన వెబ్ పెట్టెల కట్ట 'పలక'ను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా తెరిచి పెట్టాను. బట్టల దుకాణం పైన ఆ రేకుల గదిలో చెమటలు కక్కుతూ మనిద్దరం చేసిన పెట్టెలే, ఏదీ మార్చలేదు. తేదీ ఎంచుకునే పెట్టె, పేరు రాసే పెట్టె, ఫోటో ఎక్కించే పెట్టె. ఒకసారి చేసి పెట్టుకుంటే ఏ స్కూలు వెబ్‌సైటులోనైనా, ఏ ఆసుపత్రి వెబ్‌సైటులోనైనా ఒక్క వరస రాసి అతికించుకోవచ్చని చేశాం కదా. వాటిని హైదరాబాదు కంపెనీకి అమ్మేద్దామని నువ్వన్నావు, ఎవరైనా వాడుకునేలా వదిలేద్దామని నేనన్నాను. "ధర్మం చేసేదానికి మన దగ్గర ఏముందే?" అని నువ్వు అడిగింది తప్పని అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. నాదీ తప్పు కాదు. ఇద్దరిదీ ఒప్పే అయినప్పుడు మాటలెందుకు ఆగిపోయాయో అదే నాకు అంతుబట్టదు.

సరే, తెరిచి పెట్టాను. ఒక్కరంటే ఒక్కరు రాలేదు. ఎట్లా వస్తారు? ఆ పెట్టెలు ఉన్నాయని తెలిసేదెట్లా, తెలిసినా వాడేదెట్లా? లోపల కోడ్ తప్ప బయట ఒక్క మాట రాసి లేదు. అందుకని ఈ వేసవిలో త్రిపురాంతకంలో ఇంటి దగ్గర కూర్చుని డాక్యుమెంటేషన్ మొదలుపెట్టాను.

గొర్రెల్ని తోలుకొచ్చి దొడ్లో పెట్టి నాయన నా పక్కన కూర్చున్నాడు. ఏం రాస్తున్నావని అడిగాడు. వాడేవాళ్ళకు ఎక్కడెక్కడ అనుమానం వస్తుందో ఊహించి ముందుగానే జవాబు రాసిపెడుతున్నానని చెప్పాను. దానికి నాయన, "అంటే ఎవురూ అడక్కుండానే జవాబులు చెప్తుండావా? మీ అమ్మకు ఏ కంప్యూటరూ లేకుండానే వచ్చు ఆ పని" అన్నాడు. అమ్మ వంటింట్లోంచే విన్నది. ఆ పూట నాయనకు మజ్జిగ రాలేదు.

అన్ని పేజీలూ చేత్తో రాయాలేమోనని మొదట భయపడ్డాను. అక్కర్లేదని తర్వాత తెలిసింది. కోడ్‌లో ప్రతి పెట్టె పైనా మనం రాసుకున్న వ్యాఖ్యలున్నాయి కదా, వాటిని చదివి, ఏ పెట్టెకు ఏ సెట్టింగులున్నాయో, ఏమిస్తే ఏమవుతుందో ఏరి పెట్టే టూల్ ఒకటి దొరికింది. దాన్ని పేజీలుగా అల్లేది ఇంకొకటి. రెంటినీ కలిపి నడిపితే, మన పెట్టెలన్నీ ఒక్కోదానికి ఒక్కో పేజీ చొప్పున తెర మీదికి వచ్చి కూర్చున్నాయి. పేజీలోనే పెట్టె కూడా బతికే ఉంటుంది, వచ్చినవాళ్ళు నొక్కి చూసుకోవచ్చు. నేను రాసిన వ్యాఖ్యలకు నా పేజీలు, నువ్వు రాసిన వ్యాఖ్యలకు నీ పేజీలు. నీ పేజీలు చదువుతుంటే నువ్వు పక్కన కూర్చుని గొణిగినట్టే ఉంది.

తర్వాత వాటిని ఇంటర్నెట్లో ఉచితంగా ఉంచేచోట పెట్టాను. పెట్టి చూస్తే రంగుల్లేవు, గీతల్లేవు, అక్షరాలన్నీ సంతలో గోనె మీద పోసిన కందుల్లా పడి ఉన్నాయి! నా లాప్‌టాప్‌లో చక్కగా కనిపించినవి అక్కడెందుకు ఇట్లా అయ్యాయో అర్థం కాక తల పట్టుకున్నాను. చివరికి చూస్తే అక్కడ మన సైటు ఒక ఫోల్డర్ లోపల ఉంటుందట. పేజీలేమో తమ రంగుల ఫైళ్ళ కోసం ఆ ఫోల్డర్ బయట వెతుక్కుంటున్నాయి. దారి సరిచేస్తే సర్దుకున్నాయి. ఇప్పుడైతే కోడ్‌లో ఒక మాట మారిస్తే చాలు, కాసేపట్లో పేజీలు వాటంతటవే కొత్తగా తయారై పైకెక్కుతాయి. నువ్వు చూసుంటే ఇష్టపడేదానివి.

కానీ ఒక పొరపాటు జరిగింది. తేదీ పెట్టెలో ఒకచోట నువ్వు, "ఇది ఎందుకు పనిచేస్తుందో నాకే తెలీదు. దయచేసి ముట్టుకోబాకండి" అని రాసి పెట్టావు, గుర్తుందా? టూల్‌కు వేళాకోళమేదో వివరణేదో ఏం తెలుసు? అది కూడా ఎత్తి పేజీలో పెట్టింది. లోకమంతా చూసేచోట, తేదీ పెట్టె వివరాల్లో మొట్టమొదటి వాక్యం, "ముట్టుకోబాకండి". నేను గమనించనే లేదు.

ఒకరు గమనించారు.

ప్రతి పేజీ అడుగునా 'ఇక్కడ తప్పుంటే చెప్పండి' అని ఒక లింకు పెట్టాను. దాంట్లోంచి జూన్‌లో మొదటి సందేశం వచ్చింది. పేరు లేదు, 'సగిలేరు' అని మాత్రం ఉంది. "ముట్టుకోబాకండి అని రాసినారు. నేను ముట్టుకున్నాను. ఏమీ కాలేదు." అంతే.

పగలబడి నవ్వాను. నవ్వు ఆగాక ఆ పేరు మళ్ళీ చదివాను. సగిలేరు పారేది ఎక్కడ? గిద్దలూరు దగ్గర. ఆ వాక్యం మీద అట్లా ఎకసెక్కాలాడగలిగేది ఎవరు? రాసిన మనిషే కదా!

నేను బదులుగా, "తీసేశాను, ధన్యవాదాలు" అని మాత్రం రాశాను. వారం తిరక్కుండా రెండోది వచ్చింది. "ఎర్ర గుర్తున్న పెట్టెలు తప్పనిసరిగా నింపాలి అని రాసినారు. ఎరుపు అంటే చాలదు. మాటల్లో చెప్పండి." ఇంక అనుమానమే లేదనిపించింది. మీ ఏబేలు చిన్నాయనకు ఎరుపూ ఆకుపచ్చా ఒక్కటిగానే కనిపిస్తాయి కాబట్టి, రంగుతో చెప్పొద్దు, మాటతో చెప్పమని నన్ను సతాయించింది నువ్వే కదా.

మూడోది ఇంకా తేట. "ట్యాబ్ కీ నొక్కుకుంటా తేదీ పెట్టెలోకి పోయినాను. బయటికి దారి లేదు. ఇంకా లోపలే ఉండాను." మన ఆఫీసు మౌసు పాడైపోయాక, కొత్తది కొనేదాకా నువ్వు కీబోర్డుతోనే నెట్టుకొచ్చావు. మౌసు ముట్టకుండా పనిచేసే మనిషి నాకు తెలిసి నువ్వొక్కదానివే. నేనూ మౌసు పక్కన పెట్టి ప్రయత్నించాను. నిజమే, లోపలికి పోతే ఆ నెలలోనే తిరుగుతూ ఉండాలి. సరిచేసేసరికి ఒక పూట పట్టింది. సరిచేసి, "ఇప్పుడు బయటికి రండి" అని రాశాను. "వచ్చినాను. బయట బాగుంది" అని జవాబు.

నువ్వే అనుకున్నాను. నేరుగా మాట్లాడటం ఇష్టంలేక, ఇట్లా చాటునుంచి నా పేజీలు దిద్దుతున్నావనుకున్నాను. నిజం చెప్పనా, నువ్వు మాట్లాడకపోయినా పర్వాలేదు, తప్పులు పట్టడం మాత్రం ఆపొద్దని కోరుకున్నాను. పొద్దున లేవగానే ఆ లింకే చూసేదాన్ని.

కానీ ఈ నెలలో వచ్చింది చూసి మళ్ళీ తికమకపడ్డాను. ఫోటో పెట్టె పేజీ గురించి, "కింద చూపినట్లు అని రాసినారు. ఏం చూపినారు?" అని ఉంది. బొమ్మ తెరుచుకోవడం లేదేమోనని నా ఫోన్లో చూశాను, అమ్మ ఫోన్లో చూశాను. శుభ్రంగా కనిపిస్తోంది. పైగా ఆ బొమ్మ గీసింది నువ్వే! నువ్వు గీసిన బొమ్మ గురించి ఏం చూపినారని నువ్వే ఎందుకడుగుతావు? సందర్శకుల లెక్కల్లో ఊరి పేరేమైనా తెలుస్తుందేమోనని చూస్తే, వచ్చినవాళ్ళందరిదీ హైదరాబాదే అంటుంది. త్రిపురాంతకంలో మా దొడ్లో కూర్చున్న నాదీ హైదరాబాదేనట.

"నువ్వేనా రేచల్?" అని అక్కడే రాసి, పంపకుండా చెరిపేశాను. అది నలుగురూ చదివేచోటు. దాని బదులు, "మీరెవరో తెలుసుకోవచ్చా?" అని మర్యాదగా అడిగాను. రోజులు గడుస్తున్నాయి, జవాబు లేదు. అంతవరకూ వెంటవెంటనే పలికిన సగిలేరు ఒక్కసారిగా ఎండిపోయింది. అడిగి చెడగొట్టానేమోనని దిగులుగా ఉంది. అట్లా దిగులుగా ఉన్నప్పుడే బస్టాండులో మీ అమ్మ ఎదురైంది.

కాబట్టి నా ప్రశ్న ఇది. సగిలేరు నువ్వేనా? అవునంటే అవునని రాయి, కాదంటే కాదని రాయి. అవునని ఒప్పుకున్నంత మాత్రాన మనం వెంటనే మాట్లాడుకోవాలనేం లేదు. పేజీల గురించే రాసుకుందాం. దిద్దాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి.

ఊళ్ళో విశేషాలంటావా, కందికి మొన్న ఒక వాన పడింది, ఇంకొకటి పడితే నాయన ముఖం వికసిస్తుంది. బట్టల దుకాణం వాళ్ళు మన గదిని గోడౌను చేసుకున్నారు. నేను ఇంటి నుంచే స్కూళ్ళ సైట్లు చేసుకుంటున్నాను, పూట గడుస్తోంది. మీ నాయనను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మీద కోపం ఎప్పుడు పోయిందో తనకే గుర్తులేని
మహేశ్వరి

తా.క. ఉత్తరం అంటించి పోస్టు చేద్దామంటే పంద్రాగస్టు సెలవు వచ్చింది. శనివారం ఉదయం పోస్టాఫీసుకు బయలుదేరుతుంటే సగిలేరు నుంచి జవాబు వచ్చింది. ఫోన్ నంబరు ఇచ్చి, మాట్లాడమని ఉంది. గుమ్మంలోనే నిలబడి ఫోన్ చేశాను.

నువ్వు కాదు రేచల్.

ఆమె పేరు శ్రీశైలమ్మ గారు. కంభంలో కాలేజీలో చరిత్ర చెప్తారట. పుట్టిల్లు గిద్దలూరులో సగిలేటి ఒడ్డున. కొన్నేళ్ళ కిందట చూపు పోయింది. కంప్యూటరు పేజీని పైకి చదివి వినిపిస్తుంటే విని పనిచేస్తారు. వాళ్ళ పాత విద్యార్థులంతా వివరాలు నింపడానికి తనే ఒక సైటు కట్టుకుంటూ, దానికి తెలుగులో పెట్టెలెక్కడైనా దొరుకుతాయేమోనని వెతుకుతుంటే మన 'పలక' తగిలిందట. సైటు దాదాపు పూర్తయిందట. ఇన్నాళ్ళూ జవాబు రాయకపోవడానికి కారణం పరీక్ష పేపర్లు, అంతే. నేను పడిన దిగులంతా దండగ.

"పేజీ అంత బాగ రాసినావు గదమ్మా, ఆ బొమ్మలో ఏముందో ఒక్క మాట రాయకపోతే నాకెట్ల తెలుస్తాది?" అని నన్ను కోప్పడ్డారు. మనం చేసిన పెట్టెల్ని ముక్కూ మొహం తెలియని మనిషి వాడుతున్నారంటే ఎగిరి గంతేయాలి కదా. గంతేయలేదు. నువ్వు కావాలని ఎంతగా కోరుకున్నానో అప్పుడు తెలిసింది. బొమ్మకు మాటలు రాస్తానని మాత్రం పొడిగా అన్నాను. తను కోప్పడినందుకు నేను నొచ్చుకున్నానని ఆమె అనుకున్నట్టున్నారు, మెత్తగా మాట మార్చారు.

"వినేదాన్ని గదా, నాకు తెలుస్తాదమ్మా. ఈ పేజీలు రాసింది ఒకరు కాదు, ఇద్దరు. నువ్వు వివరంగా చెప్తావు. ఇంకొకామె పొట్టి పొట్టి మాటల్లో చెప్పి, నడమ నవ్విస్తాది. ఆయమ్మ పేజీలు పెరగట్లేదు. ఏమైంది?" అని అడిగారు.

బాగానే ఉంది, గిద్దలూరులోనే ఉందని చెప్పాను. మరి ఎందుకు రాయడం లేదని అడిగారు. ఆ ప్రశ్నకు నేను జవాబు రాసిపెట్టుకోలేదు. కనుక్కొని చెప్తానన్నాను. అందుకే, నువ్వు కాదని తెలిశాక కూడా ఈ ఉత్తరం పోస్టు చేస్తున్నాను.