నాన్న పేరు పెట్టలేకపోయాను

యెరూషలేము, ఆదివారం

అమ్మా,

పిల్లాడూ యిస్కా కులాసాగా ఉన్నారు, బెంగపడకు.

గురువారం సున్నతి చేసి పేరు పెట్టాం. నీకు మాటిచ్చిన పేరు మాత్రం పెట్టలేకపోయాను. "పేరేమిటి?" అని సున్నతి చేసిన పెద్దాయన అడగ్గానే మా మామగారు నా చెవిలో, "యబ్బేజంటే వేదన కదయ్యా, బడిలో పిల్లలు ఏడిపించరూ?" అన్నారు. పదిమందిలో నాకూ సిగ్గేసి, ఏలీయాబు అనేశాను. అందరూ ఆమేన్ అన్నారు.

గేరా చిన్నాన్న ముద్ద ముట్టకుండా లేచాడు. "లేఖనాల్లోని వంశావళిలో చదవలేదట్రా? తల్లి వేదనపడి కని యబ్బేజని పేరు పెడితే, అన్నదమ్ములందరిలోకీ వాడే ఘనుడయ్యాడు. మా అమ్మ అది తలుచుకునే మీ నాన్నకు ఆ పేరు పెట్టింది. ఇవాళ మా అన్నను రెండోసారి పాతిపెట్టావు" అని వెళ్లిపోయాడు. తలెత్తలేకపోయానమ్మా.

శనివారం ప్రార్థన మందిరంలో నాన్న పేరును రెండో పేరుగా కలపవచ్చట. "అత్తయ్యను రానివ్వండి, ఆవిడ ఎదుటే కలుపుదాం" అంటోంది యిస్కా.

మోకాలి వాపు తగ్గిందా? ఆలివ్ కాయలు ఊరవేశావా? తమ్ముణ్ణి తోడు తీసుకుని శనివారంలోపు బస్సెక్కు. నాన్న ప్రార్థన శాలువా తీసుకురా. నన్ను తిట్టాలంటే వచ్చి తిట్టు, రాకుండా మాత్రం ఉండకు.

తమ్ముడికి దీవెనలు.

నీ కొడుకు,
ఓబేదు