రెండో వరుస

జూన్ 1, శనివారం, సాయంత్రం 6:30

ఎనభై ఏడోసారి. ఇవాళ కూడా చప్పట్లు కొట్టలేదు.

కొత్తది వచ్చి మూడు వారాలైంది. ఆ గాయనిని ‘కొత్తది’ అనే అంటాం మేము. పేరు బయట పోస్టర్ మీద ఉంది. చదవలేదు. దీపం పాటలో రెండో చరణం ఎత్తుకునే ముందు ఊపిరి పీల్చింది. అక్కడ పీల్చకూడదు. అంతకుముందు పాడిన అసలావిడ ఐదేళ్లలో ఒక్కసారి కూడా పీల్చలేదు. ఏడుగురం తల దించుకున్నాం. ఎవరూ సైగ చెయ్యలేదు. ఏడు తలలూ ఒకేసారి దిగాయి, అంతే.

ఈ డైరీ కొత్తది కాబట్టి కాస్త వివరంగా రాసుకుంటాను. ఎవరూ చదవరు, అయినా సరే.

మేం చూసే మ్యూజికల్‌లో, ఆ పాటల నాటకంలో, కథంటూ పెద్దగా లేదు. రేవులో దీపం చూసుకునేవాడు పడవలో వెళ్లి తిరిగి రాడు. అతని భార్య దీపం వెలిగిస్తూ, సముద్రం వైపు చూస్తూ పాడుతుంది. అదే దీపం పాట. ఆ ఒక్క పాట కోసమే మేం ప్రతి శనివారం మాట్నీకి వెళ్తాం. రెండో వరుస మధ్యలో ఏడు కుర్చీలు మావి. ఏడింటిలో నాలుగోది నాది. స్టేజీ లైటు సరిగ్గా రెండో వరుస దాకా పడుతుంది. మేం వాళ్లను చూస్తాం, వాళ్లకూ మా మొహాలు కనిపిస్తాయి. అలా కనిపించాలనే ప్రొఫెసరు ఆ వరుస ఎంచాడు.

ఆయన ప్రొఫెసరేం కాదు. ఇన్సూరెన్స్ ఆఫీసులో రిటైరయ్యాడు. మూడు వందల పన్నెండుసార్లు చూశాడు. ఆయన పక్కన ‘పుస్తకం’ కూర్చుంటుంది. స్టేజీ మీద జరిగిన ప్రతి తప్పూ నోట్‌బుక్కులో రాస్తుంది కాబట్టి ఆ పేరు. మిగతా నలుగురూ ప్రొఫెసరు ఎటు తల తిప్పితే అటు తిప్పుతారు. నాతో కలిపి ఐదుగురు అనాలి.

పాట ఎత్తుకోగానే మేమూ పాడతాం. శబ్దం లేకుండా, పెదాలతో. మొదటి రోజు రికార్డింగ్‌లో అసలావిడ ఎలా పాడిందో అలాగే, వెంట్రుకవాసి తేడా లేకుండా. చివర ‘రా’ అనే మాట దగ్గర ఆవిడ గొంతులో ఒక జీర పలుకుతుంది. అక్కడ మా గొంతులు కూడా లోపల్లోపలే బిగుసుకుంటాయి. ప్రొఫెసరు దీన్ని గౌరవం అంటాడు. ఫోన్లో పాటలు విని షోకి వచ్చేవాళ్లను ఇయర్‌ఫోన్ బ్యాచ్ అంటాడు.

అసలావిడ ఏప్రిల్‌లో మానేసింది. వ్యక్తిగత కారణాలని థియేటర్ వాళ్లు నోటీసు పెట్టారు. ఆవిడ విలువ తెలిసినవాళ్లు అక్కడ లేరని, అదే కారణమని ప్రొఫెసరు చెప్పాడు. మేం ఒప్పుకున్నాం.

జూన్ 4, మంగళవారం

పదకొండు మంది పేషెంట్లు. నా పని చెవులు పరీక్షించడం. శబ్దం చొరబడని గాజు గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, బీప్ వినబడగానే బటన్ నొక్కమంటాను. ఇవాళ ఒక పెద్దాయన బీప్ లేకుండానే పదే పదే నొక్కాడు. ఏం వినిపించిందని అడిగితే, ఎవరో పిలుస్తున్నారన్నాడు. ఆ గదిలో అలా చాలామందికి వినిపిస్తుంది.

జూన్ 8, శనివారం, రాత్రి 8

మాలో ఒకాయనకు జ్వరం. ఒక కుర్చీ ఖాళీ అయింది. చెల్లిని తీసుకెళ్లాను. తప్పు చేశాను.

చెల్లి స్విమ్మింగ్ కోచ్. ఏం చేసినా గట్టిగా చేస్తుంది. దీపం పాట చివర దీపం ఆరిపోయి, పదకొండు సెకన్లు చీకటి. ఆ చీకట్లో కదలకూడదు, దగ్గకూడదు. మూడో సెకనులో చెల్లి చప్పట్లు కొట్టింది. ఏడుస్తూ, ముక్కు ఎగబీలుస్తూ కొట్టింది. వెనక హాలంతా అందుకుంది. లైటు వచ్చేసరికి మా వరుసలో ఆరు మొహాలూ దాని వైపు తిరిగి ఉన్నాయి. కోపంతో కాదు. చెప్పుకి ఏదో అంటుకుంటే చూసుకుంటామే, ఆ చూపు. ఆ ఆరింటిలో ఒకటి నాది.

ఇంటర్వెల్‌లో ప్రొఫెసరు చాలా మర్యాదగా దగ్గరికొచ్చాడు. ఎన్నోసారమ్మా అన్నాడు. మొదటిసారి అంది. అదీ సంగతి అన్నాడు. రెండో చరణం ముందు ఊపిరి గమనించావా అని అడిగాడు. లేదండీ, ఏడుస్తున్నాను కదా అంది. ఏడిస్తే ఏం వినబడుతుందిలే అన్నాడు. అందరూ నవ్వారు. పుస్తకం ఏదో రాసుకుంది. నేనూ నవ్వాను. నవ్వాలని అనుకోలేదు. వాళ్లతో పాటే వచ్చేసింది.

బస్టాపులో చెల్లి బస్సు వచ్చే వైపే చూస్తూ నిలబడింది. బస్సు కనబడ్డాక, “ఆయన అడుగుతున్నప్పుడు నువ్వు అడుగు దూరం జరిగావక్కా” అంది.

జరిగాను.

జూన్ 9, ఆదివారం

నాలుగుసార్లు ఫోన్ చేశాను. చెల్లి ఎత్తలేదు.

జూన్ 15, శనివారం, సాయంత్రం 7

కొత్తది ఇవాళ మాట మర్చిపోయింది.

రెండో చరణం. నోరు తెరుచుకునే ఉంది, మాట లేదు. ఆర్కెస్ట్రా అదే ముక్కను ఇంకోసారి తిప్పి వాయించింది. మా పెదాలు ఆగలేదు. అది కిందికి చూసింది. ప్రొఫెసరు నోటిని చూసింది. చూసి పాడింది. ఆయన పెదాల మీదున్న మాట దాని గొంతులోంచి వచ్చింది.

ఆ తర్వాత చూపు తిప్పలేదు. సముద్రం వైపు చూడాలి, అంటే బాల్కనీ పైకి. పాట అయ్యేదాకా రెండో వరుసనే చూస్తూ పాడింది. ఊపిరి ఎక్కడా తప్పలేదు. చివర ‘రా’ దగ్గర జీర పలికింది. అచ్చం అదే. నాకు ఒళ్లు జలదరించింది. ఆనందమే అనుకున్నాను. కానీ ఆ పిల్ల మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, ఎవరో జుట్టు పట్టి తల కదలకుండా ఆపినట్టు.

దారిలో పడింది అని ప్రొఫెసరు తృప్తిగా మోకాలు తట్టుకున్నాడు.

ఇంకొకటి. చివర అందరూ వరుసగా నిలబడి నమస్కారం చేస్తుంటే ప్రొఫెసరుకు ఆవలింత వచ్చింది. స్టేజీ మీద ఆ పిల్ల నోరు కూడా తెరుచుకుంది. ఆవలింత అంటుకుంటుంది, నిజమే. ఆయన నోరు మూసేదాకా ఆ పిల్ల మూయలేదు.

జూన్ 18, మంగళవారం, మధ్యాహ్నం 2

లంచ్ తినలేదు. రాయాలి.

పదకొండున్నరకు వచ్చిన పేషెంటు ఫైల్లో కంప్లైంట్ ఇలా ఉంది: తన గొంతు తనకు వినబడటం లేదు. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. స్వెట్టర్ వేసుకుంది. హెడ్‌ఫోన్లు అందుకున్నప్పుడు, స్టేజీ మీద దీపం వెలిగించిన ఆ చేతులు చూసి గుర్తుపట్టాను. అసలావిడ. నా చేతిలో పెన్ను ఆగలేదు, అది నా అదృష్టం.

బీప్ పరీక్షలో ఏ లోపమూ లేదు. నా వయసు వాళ్లకు కూడా అంత మంచి గ్రాఫ్ రాదు. తర్వాత మాటల పరీక్ష. నేను మైకులో ఒక మాట అంటాను, పేషెంటు తిరిగి అనాలి. చెట్టు. పలక. మేడ. అంటూ వచ్చింది. ఐదో మాట నుంచి ఆవిడ నా తర్వాత అనడం లేదు. నాతో పాటు అంటోంది. గాజులోంచి నా పెదాలను చూస్తోంది. పెదాలకు అడ్డంగా కార్డు పెట్టుకోవాలి, ఆవిణ్ణి చూస్తూ మర్చిపోయాను. పెట్టుకున్నాను. ఆవిడ ఆగిపోయింది. వినబడుతోందా అంటే బటన్ నొక్కింది. వినబడుతోంది. తిరిగి అనలేకపోతోంది. కార్డు తీశాను. ఇద్దరం కలిసి అన్నాం. గొడుగు.

బయటికొచ్చి కూర్చున్నాక తనే చెప్పింది. మొదటి షో రోజు జలుబట. ముక్కు మూసుకుపోయి, రెండో చరణం ముందు ఊపిరి తీసుకోవడం కుదరక అలాగే లాగేసిందట. చివరి జీర కూడా కఫమేనట. ఆ రోజే రికార్డు చేశారు. జలుబు తగ్గి, బాగా పాడిన రోజు నుంచి ముందు వరుసల్లో కొందరు తలలు దించుకోవడం మొదలుపెట్టారట. వాళ్ల పెదాలు ఒకలా కదిలేవి, తన పాట ఇంకోలా వెళ్లేది. రోజూ ఆ తలలు దిగుతుంటే భరించలేక, వాళ్ల పెదాలను పట్టుకుని పాడటం అలవాటు చేసుకుందట.

“ఐదేళ్లు ఆ జలుబుతోనే పాడానండి,” అంది.

ఒకరోజు వంటగదిలో కూనిరాగం తీస్తుంటే ఏమీ వినబడలేదట. పక్క గదిలో ఉన్న భర్త మాత్రం బాగా వినబడింది, ఇంకోసారి పాడు అన్నాడట.

నన్ను గుర్తుపట్టలేదనుకున్నాను. రిపోర్టు తీసుకుని తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

“ఏడుగురిలో నాలుగో ఆవిడ మీరే కదా. అందరికంటే మీరే బాగా కదుపుతారు.”

మెచ్చుకున్నట్టే అంది.

జూన్ 20, గురువారం

పేషెంటు సంగతి ఎవరికీ చెప్పకూడదు. అందుకని ప్రొఫెసరుకు ఫోన్ చేసి మాట వరసకు అన్నట్టు అడిగాను. రికార్డింగ్ రోజు ఆవిడకు జలుబేమో అని ఎప్పుడైనా అనిపించిందా అని. కొట్టిపారేస్తాడనుకున్నాను. చిన్నగా నవ్వాడు.

“తెలుసమ్మా. నేనా రోజు హాల్లోనే ఉన్నాను. అది తగ్గిపోకుండా చూసుకున్నది మనమే కదా.”

జలుబు లేకపోతే ఆవిడ అందరిలాంటి గాయని అయ్యేదన్నాడు. కొత్తమ్మాయి కూడా చేతికొచ్చింది, శనివారం తొందరగా రమ్మన్నాడు.

జూన్ 22, శనివారం, సాయంత్రం 6

లోపలికి వెళ్లే ముందు పోస్టర్ దగ్గర ఆగాను. ఆ అమ్మాయి పేరు చదివాను. రెండుసార్లు చదివాను.

దీపం పాట ఎత్తుకుంది. మొదటి మాట నుంచే చూపు మా మీద. ఆరుగురి పెదాలు కదులుతున్నాయి. నేను నోరు గట్టిగా మూసుకున్నాను. అంత కష్టమని తెలియదు. పెదాలు వాటంతటవే విడిపోతున్నాయి. చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అరచేతి కింద కూడా కదులుతున్నాయి. పళ్లతో కింది పెదవి పట్టుకున్నాను.

ఆ అమ్మాయి చూపు వరుస మీదుగా వచ్చి నా దగ్గర తడబడింది. మెట్ల మీద ఒక మెట్టు లేనట్టు. పాట ఆగిపోయింది.

ఏం చెయ్యాలో తెలియక కళ్లు మూసుకుని తల పైకెత్తాను. నా మొహంలో చూసి పాడటానికి ఏమీ ఉండకూడదని. ఎంతసేపో తెలియదు. తర్వాత ఊపిరి వినబడింది. రెండో చరణం ముందు, నిండుగా, హాలంతా వినబడేలా పీల్చింది. ఆపైన వచ్చిన గొంతు నేనెప్పుడూ విననిది. వచ్చిన కొత్తలో అన్ని వారాలూ ఆ గొంతే పాడిందేమో. అప్పుడు నేను వినలేదు. నాలుగు లైన్లు మాత్రమే అలా పాడింది.

కళ్లు తెరిచాను. ఆరుగురూ నా వైపు తిరిగి ఉన్నారు. స్టేజీ వైపు ఒక్కరూ చూడటం లేదు. పెదాలు మాత్రం ఆగలేదు. ఆ పాటనే, మొదటి రోజు పాటనే, నా మొహంలోకి చూస్తూ, చప్పుడు లేకుండా పాడుతున్నారు. స్టేజీ మీద నాలుగు లైన్లు అయిపోయాయి. చివర ‘రా’ దగ్గర మళ్లీ జీర పలికింది.

ఇంటర్వెల్‌లో ప్రొఫెసరు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆరోగ్యం బాగోలేనట్టుంది, వచ్చే వారం నుంచి విశ్రాంతి తీసుకో అన్నాడు. కుర్చీ ఖాళీగా ఉండదని, ఒకరు చాలా రోజులుగా అడుగుతున్నారని చెప్పాడు.

జూన్ 23, ఆదివారం

స్విమ్మింగ్ పూల్ దగ్గరికి వెళ్లాను. చెల్లి నన్ను చూసి కూడా క్లాసు అయ్యేదాకా రాలేదు. వచ్చి తడి మెట్ల మీద పక్కన కూర్చుంది. ఆ రోజు జరిగినది అడుగు దూరం కాదు, చాలా దూరం జరిగానని చెప్పాను. సారీ అన్నాను. చెల్లి టవల్‌తో చెవులు తుడుచుకుంటూ విన్నది. ఆ అమ్మాయి ఎలా పాడుతుందో ఇప్పుడైనా చెప్పు అంది. నాలుగు లైన్లు బాగా పాడింది అన్నాను. నాకు మొత్తం నచ్చిందక్కా అంది.

వచ్చే శనివారం బాల్కనీకి వెళ్దామని తనే అంది. అక్కడి నుంచైతే ఏడ్చినా ఎవరికీ వినబడదట.

జూన్ 29, శనివారం

బాల్కనీ నుంచి రెండో వరుస బాగా కనిపిస్తుంది. ఏడు కుర్చీలూ నిండి ఉన్నాయి. నాలుగోదాంట్లో పొట్టి జుట్టు, స్వెట్టర్.

దీపం పాట ఎత్తుకోగానే అసలావిడ పెదాలు కదిపింది. మొదటి చరణంలో ఎక్కడో తప్పింది కాబోలు. ప్రొఫెసరు ఆవిడ వైపు వంగి, కాదు కాదు అన్నట్టు వేలు ఊపాడు.

ఆవిడ తలూపి, దిద్దుకుంది.