ఆవిడ పట్టిన పట్టు

అక్టోబరు 2, రాత్రి

సాయంత్రం రాజమండ్రి లైబ్రరీ హాల్లో మా ఆయన ఉపన్యాసం. మహాత్ముడికి గురువులెవరన్నది విషయం. రష్యా రచయిత గురించీ, బొంబాయి జైన నగల వ్యాపారి గురించీ గంటసేపు చెప్పి, చివర్లో గొంతు తగ్గించి, "అసలు గురువు ఆయన భార్యండి. గొడవ పడకుండా, లొంగకుండా ఆవిడ పట్టిన పట్టు చూసే అహింస నేర్చుకున్నానని ఆయనే ఒప్పుకున్నారండి" అన్నారు. ఒకటే చప్పట్లు. పక్క కుర్చీలో ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "అదృష్టవంతులండి మీరు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

మొగల్తూరులో అమ్మ నా పేర రాసిన కొబ్బరితోటను తన తమ్ముడికి ఇస్తానని, నన్నడక్కుండానే మాటిచ్చేశారు ఈ మహానుభావుడు. తొమ్మిది రోజులుగా కాగితాలు నా ముందు పెడుతున్నారు. నేను అరవలేదు, ఏడవలేదు. వేళకి వండి పెడుతున్నాను. సంతకం మాత్రం పెట్టనంటున్నాను.

ఇంటికి రాగానే, కప్పిన శాలువా తియ్యకుండానే మళ్లీ మొదలు.

"ఇంత మొండితనం ఎక్కడ నేర్చుకున్నావే?"

"ఇందాక మీరే చెప్పారు కదండీ."

"అది దేశం సంగతి. ఇది ఇంటి సంగతి" అని కసిరారు.

ఆవిడ పట్టు పట్టింది మరి ఎవరితో? ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పిన లెక్చరరు!

రేపు మరిది స్వయంగా వస్తాడట. అతని ముందు కూడా ఇలాగే కాదనగలనో లేదో...

"పొద్దున్నకి సంతకం ఉండాలి" అని కాగితాల మీద తన పెన్ను పెట్టి పడుకున్నారు.

ఆ పెన్నుతోనే ఇది రాస్తున్నాను.