మెట్ల కింద సీసా

ఎల్బీనగర్,
30 జూన్ 2013, ఆదివారం.

చి. మహేష్‌కు,

సాంబమూర్తి దీవెనలు. ఇక్కడ మీ అమ్మ క్షేమం. నేను క్షేమం. ఇంట్లో ఇక మూడో పేరు లేదు. జైలువాళ్ళు చదివాకే ఈ ఉత్తరం నీకిస్తారని తెలుసు. చదవనీ.

మా ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఉదయలక్ష్మి చివరి రోజు జూన్ పద్నాలుగు, శుక్రవారం. అసెంబ్లీకి తెలంగాణ ఊరేగింపులు పోకుండా తెల్లవారేసరికే చౌరస్తాలో ముళ్ళకంచె వేశారు. మంగళవారం డయాలసిస్‌కు వెళ్తే మిషన్ చెడిందని తిప్పి పంపారు. కాబట్టి శుక్రవారం తప్పకూడదు. ఏడింటికి ఆటోల దగ్గరకు వెళ్ళాను. "యాడికి పోతం సారు, పోలీసోళ్ళు కంచె దాటనిస్తలేరు. జర పొద్దుగూకినంక చూద్దాం" అన్నాడు ఒకతను. అంబులెన్స్ బయల్దేరిందన్నారు. రాలేదు.

పదకొండింటికి ఆయాసం ఎక్కువైంది. నీ కేసు రాసిన ఎస్సైకే ఫోన్ చేశాను. జీపు పంపుతానన్నాడు. ఆ సంగతి చెబితే ఉదయలక్ష్మి తల అడ్డంగా ఊపింది. "ఆ జీపు నేనెక్కను. మహేష్ ఉంటే ఈపాటికి వార్డులో ఉండేదాన్ని" అంది. రోగంతో వచ్చిన మొండితనం అనుకున్నాను. మీ అమ్మ కింది వాటా నుంచి వచ్చి ఆమె కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రెండున్నరకు ప్రాణం పోయింది. సాయంత్రం కంచె తీశారు.

ఆమె అన్నది నిజం. రెండేళ్ళ కిందట జులై ఐదున కూడా బంద్. నేను ఆఫీసులో ఉన్నాను. బండి మీద వెనక దిండు కట్టి, ఆమెను కూర్చోబెట్టుకుని, గల్లీల వెంట దిల్‌సుఖ్‌నగర్ దవాఖానకు తీసుకెళ్ళావు. నాలుగు గంటలు మంచం పక్కనే ఉన్నావు. ఆ నాలుగు గంటల్లోనే కొత్తపేటలో బస్సు తగలబెట్టారు. కండక్టరుకు ఒళ్ళు కాలింది. పెట్రోలు సీసా మన మెట్ల కింద దొరికిందని, బస్సు తగలబెట్టి దాన్ని దాచింది నువ్వేనని కేసు రాశారు. హత్యాయత్నం. బెయిలు రెండుసార్లు కొట్టేశారు. సీసా అక్కడ దొరికిందని రాసిన పంచనామా మీద సాక్షి సంతకం నాది.

ఖాళీ కాగితం మీద సంతకం చేయించుకున్నారని అందరికీ చెప్పాను. గవర్నమెంటు ఉద్యోగిని పంచనామా సాక్షిగా పిలవడం, ముందు సంతకం తీసుకుని తర్వాత నింపుకోవడం మామూలే కాబట్టి అందరూ నమ్మారు. "ఖాళీ కాయితమని జడ్జి ముంగట చెప్పు సారు, గంతే. నీ నోట్ల ముత్యాలు రాల్తయా" అని మీ అమ్మ అడిగింది. రిటైర్మెంటు దగ్గరపడిందన్నాను. తర్వాత ఆమె అడగలేదు. వాకిలి మాత్రం రోజూ ఊడ్చేది, మా వాటా ముందు కూడా.

ఉదయలక్ష్మి సాక్ష్యం చెబుతానంది. వద్దన్నాను. వినకుండా నీ తరఫు సాక్షుల్లో పేరిచ్చింది. ఆమె వంతు ఆగస్టులో. దవాఖాన రిజిస్టర్‌లో రోగి పేరే రాస్తారు, తీసుకొచ్చినవాళ్ళ పేరు రాయరు. నువ్వు అక్కడున్నావని చెప్పగలిగింది ఆమె ఒక్కతే.

గురువారం మీ వకీలు శేషారత్నం గారి దగ్గరకు వెళ్ళాను. తప్పుడు కేసులో ఇరుక్కున్నవాడికి చట్టంలో ఏముందని అడిగాను. ఆమె నన్ను కూర్చోమనలేదు. "చాలా ఉంది. కేసు కొట్టేసిన ఏడాదిలోపు నష్టపరిహారానికి దావా వేయొచ్చు. అబద్ధపు సాక్ష్యం పుట్టించినవాళ్ళ మీద కోర్టే కేసు పెట్టించొచ్చు, ఏడేళ్ళ దాకా శిక్ష. కానీ ముందు కేసు కొట్టేయాలి కదండీ. దానికి అడ్డం మీరే" అంది. జైల్లో పోయిన నీ రెండేళ్ళ మాట అడిగాను. దానికి ఏ సెక్షనూ లేదంది.

ప్రాసిక్యూషన్ సాక్షిగా నాకు సమన్లు వచ్చాయి. వాయిదా రేపే. నిన్న ఎస్సై ఫోన్ చేసి, "ఉన్నదున్నట్టు చెప్పండి సార్, అయిపోతది" అన్నాడు.

నువ్వు నన్ను ఆటపట్టించేవాడివి. "తెలంగాణ ఒస్తే ఆంధ్రకు మీ సామాన్లు నేనే లారీ ఎక్కిస్త సార్, కిరాయి గూడ అడగ" అనేవాడివి. "ముందు ఈ సిలిండరు మేడ ఎక్కించు, లారీ సంగతి తర్వాత" అనేది ఉదయలక్ష్మి. మీరిద్దరూ నవ్వేవారు. నేను నవ్వేవాణ్ణి కాదు.

నీ డిగ్రీ పుస్తకాలు మీ అమ్మ అట్టపెట్టెలో పెట్టి ఉంచింది. చెదలు పట్టలేదు, చూశాను.

ఇట్లు,
సాంబమూర్తి

తా.క. కాగితం ఖాళీ కాదు. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే ఎస్సై స్టేషన్‌లోకి పిలిచాడు. కాగితాలు రాసే రైటరు బందోబస్తుకు పోయాడని, నా దస్తూరీ బాగుంటుందని విన్నానని, నన్నే రాయమన్నాడు. అతను చెప్పాడు, నేను రాశాను. మెట్ల దగ్గరకు ఎవరం వెళ్ళలేదు. సీసా బల్ల మీదే ఉంది. నీ పేరు చెప్పినప్పుడు నీ లారీ మాట గుర్తొచ్చింది. కలం ఆగలేదు. ఇంటికి వచ్చాక, నువ్వు దవాఖానకు తీసుకెళ్ళావని ఉదయలక్ష్మి చెప్పింది. స్టేషన్ పది నిమిషాల నడక. తిరిగి వెళ్ళలేదు.

పెద్దకర్మ అయ్యాక ఆమె డయాలసిస్ ఫైలు తెరిచాను. అందులో పంచనామా జిరాక్సు ఉంది. మీ అమ్మను అడిగాను. వకీలు ఇచ్చిన కాపీని మే నెలలో చదివించుకోవడానికి తెచ్చిందట. ఉదయలక్ష్మి మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించి, ఇది నా దగ్గర ఉంచుతానందట. ముప్ఫై ఏళ్ళు ఈ ఇంటి సరుకుల చీటీలు నేనే రాశాను. నా దస్తూరీ ఆమెకు తెలియకపోదు. మీ అమ్మకు చెప్పలేదు. నన్ను అడగలేదు. నెలకు పైగా నాకు వండిపెట్టింది. జీపు ఎందుకు ఎక్కనందో అప్పుడు అర్థమైంది.

నువ్వు దావా వేసేటప్పుడు మొదటి పేరు నాది రాయించు.

రేపు పొద్దున పదిన్నరకు ఎల్బీనగర్ కోర్టులో బోనెక్కుతాను. కాగితమూ కలమూ అడుగుతాను. ఆ పంచనామా మొదటి వాక్యం జడ్జి ముందు మళ్ళీ రాసి ఇస్తాను.