పెట్టెకు ఆయువు తీరిందని చెప్పండి

బావగారికి నమస్కారం. అక్క కులాసా అనుకుంటాను.

మా సమాధి రాళ్ల షాపుకు మీరు స్వయంగా బిగించి ఇచ్చిన కంప్యూటర్ గురించే ఈ ఉత్తరం. పేర్లు చెక్కే మిషన్, కంపెనీవాళ్లే ఎప్పుడో వదిలేసిన ఆ పాత సిస్టమ్‌తో తప్ప పనిచేయదు కదా. నెల రోజులపాటు పేరు సగంలో ఉండగా తెర నీలమైపోయేది, రాయి పాడయ్యేది.

మీరు ఫోన్‌లో చెప్పినట్టే రెండు మెమరీ ముక్కల్లో ఒకటి తీసేశాను. పది రోజులు ఒక్కసారీ ఆగలేదు. గొప్పకు పోయి ఓనరుగారికి చెప్పాను.

"ఇంకేంటమ్మా, ఇక దీనికి నువ్వే దిక్కు. కొత్త ఉద్యోగం మాట మర్చిపో" అన్నారు.

పనిలో చేరినప్పుడు తీసుకున్న నా సర్టిఫికెట్లు ఆయన బీరువాలోనే ఉన్నాయి. అవి తీసుకెళ్లి సోమవారం చేరకపోతే, నాకు ఉద్యోగం ఇచ్చిన బడివాళ్లు ఇంకొకరిని పెట్టుకుంటారు.

అందుకే ఇవాళ పొద్దున ఆ పాడు ముక్కను మళ్లీ దాని చోట పెట్టేశాను. మధ్యాహ్నానికే ఆగిపోయింది. ఆయన మీకు ఫోన్ చేస్తారు. ఆ పెట్టెను బాగుచేయడం ఇక ఎవరివల్లా కాదని చెప్పండి. మీ చేతిపనిని మీరే అలా అనడం కష్టమని తెలుసు.

ఆగేసరికి మిషన్ చెక్కుతున్నది నా ఈడు ఆవిడ పేరు. ఆ సగం పేరు రాయి ఎదురుగా గోడకు ఆనించి ఉంది. దాన్ని చూస్తూనే ఇది రాస్తున్నాను.

మీ మరదలు