కార్డుల్లో కలిసిన ఫోటో

ప్రొద్దుటూరు, 1963 మార్చి, ఆదివారం రాత్రి

సుశీల ఫోటోను రోగులకు చూపించే బొమ్మల కార్డుల పెట్టెలో దాచడమంత బుద్ధితక్కువ పని ఇంకొకటి లేదు. బెంగళూరులో చదివేటప్పుడు నేను తీసిన ఫోటో అది. ఉద్యోగం దొరికాక పెళ్ళి మాట అడుగుదామనుకున్నాను. ఉద్యోగం దొరికి ఆరేళ్ళయింది.

వారమంతా ఇక్కడ మనస్తత్వశాస్త్రం పాఠాలు చెప్పి, ఆదివారాలు జమ్మలమడుగు ఆసుపత్రిలో రోగుల మనసు పరీక్షిస్తుంటాను. ఇవాళ అక్కడికి పెద్దముడియం నుంచి ఓబులమ్మ అనే ఆమె వచ్చింది. నెల రోజులుగా నిద్ర లేదట. బొమ్మల కార్డులు చూపించి, ఒక్కొక్క దానికీ కథ చెప్పమన్నాను. విదేశీ కార్డులు కదా, అన్నిటిలోనూ దొరలూ దొరసానులే.

"వీళ్ళ సంగతి నాకేం తెల్సు సార్" అని పక్కన పెట్టేస్తూ, ఒకదాని దగ్గర ఆగింది. చూస్తే అది సుశీల ఫోటో. లాక్కోవాలనిపించింది. కానీ రోగి నోరు విప్పినప్పుడు అడ్డు రాకూడదు.

"ఈయమ్మ ఎవురి కోసరమో చూస్తాంది సార్. ఒక్క మాట అడిగింటే వచ్చేసేది. అడగాల్సినోడు అడగల్యా."

ఉన్నదున్నట్టు రాసుకున్నాను. ప్రతి కార్డుకూ చివర వేసే ప్రశ్న ఒకటుంది. "తర్వాత ఏమైంది?" అన్నాను. ఈసారి ఆ ప్రశ్న ఓబులమ్మ కోసం కాదు, నా కోసమే వేశాను.

"అది ఆ అడగనోన్నే అడగాల సార్" అంటూ ఫోటో నా చేతిలో పెట్టింది.

బస్సులో వస్తున్నంతసేపూ సుశీలే. ఇంటికొచ్చి రేపటి పాఠం తీశాకగాని వెలగలేదు. బొమ్మ చూసి రోగి చెప్పేది తన కథేనని పిల్లలకు ఏటా చెప్పేది నేనే. ఓబులమ్మ ఎవరి కోసం చూస్తోందో నేను అడగనే లేదు.